పాజిటివ్ అంటే జబ్బు వచ్చినట్టు కాదు

రక్తపరీక్ష ఫలితాన్ని ఎదుటి మనిషికి చెప్పడం, విన్న మనిషి తేరుకుని కుర్చీలోంచి లేచేదాకా పక్కన కూర్చోవడం. నా ఉద్యోగమంతా ఇదే పని. దీన్ని కౌన్సిలింగ్ అంటారు. ఇప్పుడు ఈ పనిలో చేరే పిల్లలకు గోడ మీద స్లైడ్లు వేసి శిక్షణ ఇస్తున్నారు. రిటైరయ్యాక నన్నూ ఒకసారి పిలిచారు. స్లైడ్ల మీద అంతా శుభ్రంగా ఉంది. ఫలితం చెప్పండి, అర్థమయిందో లేదో కనుక్కోండి, ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడగండి. ఏ స్లైడ్ మీదా టీకొట్టు ఆయన లేడు. అలిగి పుట్టింటికి వెళ్ళిపోయిన భార్య లేదు. పంచాయితీ పెట్టిన పెద్దలు లేరు. చెబుదామని లేచాను గానీ భోజనాల వేళయిందని నా మైకు తీసేశారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. చదివే ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

నేను నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్ళు హెచ్ఐవీ పరీక్షల దగ్గర కౌన్సిలర్‌గా ఉన్నాను. ఈ తీరమంతా తిరిగాను. సముద్రం ఒడ్డు జాలర్ల పాళేల్లో నా పేరు ఎవరికీ తెలియదు. ‘ఎయిడ్స్ మేడం’ అంటే చాలు, చిన్నపిల్లలు కూడా చూపించేవాళ్ళు. ఈ గౌరవం నాకు తర్వాత ఎంత పనికొచ్చిందో చెబుతాను.

రిటైర్మెంటుకు కొన్నేళ్ళ ముందు, పెద్ద నగరంలోని ఒక పరిశోధన సంస్థ వాళ్ళు మా ఆసుపత్రితో కలిసి ఒక ప్రాజెక్టు పెట్టారు. పార్కిన్‌సన్స్ జబ్బు మీద. చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం, నడక నెమ్మదించడం, ఆ జబ్బు. మన వైపు ‘వణుకుడు రోగం’ అంటారు. ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి వచ్చినచోట రక్తం తీసి జన్యువులు చూడాలని వాళ్ళ ఉద్దేశం. కౌన్సిలర్ కావాలన్నారు. ఖాళీగా కనబడిన దాన్ని నేనే.

ఆ సంగతి నాకు అర్థమైనంతలో చెబుతాను. అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువుల్లో మనిషికీ మనిషికీ చిన్న చిన్న తేడాలుంటాయి, ఒకే మాటను ఇద్దరు రాస్తే ఒకరు దీర్ఘం మరిచిపోయినట్టు. ఎక్కువ తేడాల వల్ల ఏ నష్టమూ లేదు. కొన్ని మాత్రం ఈ జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచుతాయి, కొన్ని కొద్దిగా, కొన్ని బాగా. పెంచడమంటే తెచ్చిపెట్టడం కాదు. ఆ తేడా ఉండి కూడా ముసలితనం దాకా హాయిగా బతికినవాళ్ళు ఉన్నారు. ఏ తేడా దొరక్కుండానే జబ్బు వచ్చినవాళ్ళు అంతకంటే చాలామంది. ఇంతే. ఈ నాలుగు ముక్కలు అర్థం చేయించడానికి నేను పడ్డ యాతన ఎవరూ పడకూడదు.

హెచ్ఐవీలో పాజిటివ్ అంటే ఒంట్లో ఉన్నట్టు. కరోనాలో పాజిటివ్ అంటే వచ్చినట్టు. జనానికి తెలిసిన పాజిటివ్ అదే. మా ప్రాజెక్టు వాళ్ళు ఈ తేడా కనబడితే దానికీ ‘పాజిటివ్’ అనే పేరే పెట్టుకున్నారు. ఇంకో మాట వాడండయ్యా అని మొదటి రోజే అన్నాను. “అది స్టాండర్డ్ టెర్మినాలజీ మేడం” అని కోఆర్డినేటర్ అమ్మాయి నవ్వింది. ఎమ్మెస్సీ చదివి అప్పుడే నగరం నుంచి వచ్చింది. తెలివైన పిల్ల, కానీ ఏ పనైనా నిన్ననే అయిపోయి ఉండాలన్నంత తొందర.

గూడూరు నుంచి తూర్పుగా పోయి, కాలవ దాటితే, సరుగుడు తోపుల అవతల ఒక పాళెం. అక్కడ ఒక కుటుంబం మా ప్రాజెక్టుకు దొరికింది. ముగ్గురు తోబుట్టువులు. పెద్దాయనకు నలభై దాటీ దాటకముందే చెయ్యి వణకడం మొదలై, నేను చూసేనాటికి వల ముడి కూడా వెయ్యలేని స్థితికి వచ్చాడు. వాళ్ళ నాన్నకూ చివరి రోజుల్లో చేతులు వణికేవని చెప్పారు. నడిపాయన, అంటే మధ్యవాడు, బోటు మీద చుక్కాని పట్టేవాడు. ఎదురు కెరటాల్లోంచి బోటును ఒడ్డు దాటించడంలో ఆయన్ను మించినవాడు ఆ పాళెంలో లేడని అందరూ అనేవాళ్ళు. ముగ్గురిలో చిన్నది చెల్లెలు. భర్త పోయాడు, ఒక కూతురుంది. గూడూరు తీసుకుపోయి చేపలు అమ్మేది.

రక్తం తీసింది తుపాను షెల్టరు వరండాలో. ఫలితం తెలుసుకోవాలని ఉందా, వద్దా అని ప్రతి ఒక్కరినీ విడిగా అడగాలి. అది నా పని. నడిపాయనను అడిగితే ఆయన కళ్ళు సముద్రం మీదే ఉన్నాయి.

“ఏదో ఒకటి రాసుకోండి మేడం. గాలి మారతా ఉండాది, నేను పోవాల.”

“అట్టా కాదయ్యా. ఇది నీ ఇష్టం. తెలుసుకుంటే మనసులో ఒక బరువు పడొచ్చు. వద్దంటే మేం చెప్పం.”

“చెప్పండి, దాందేముంది!” అని చొక్కా చెయ్యి కిందికి లాక్కుని పరుగెత్తాడు.

చెల్లెలు మాత్రం తీరిగ్గా కూర్చుంది. “మా అన్నకొచ్చింది మాకొస్తాదో రాదో చెప్తారంట గదా?”

“అట్టా చెప్పలేమమ్మా.”

“మరి దేనికి తీస్తా ఉండారు నెత్తురు?”

జబ్బు గురించి తెలుసుకోవడానికి అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

ఫలితాలు రావడానికి చాలా కాలం పట్టింది. పెద్దాయనలో ఒక తేడా దొరికింది. అదే నడిపాయనలోనూ ఉంది. చెల్లెలిలో లేదు. చెల్లెలి ఫలితం ఆమెకు నేనే ఫోన్లో చెప్పాను. ‘ఆ తేడా నీలో లేదమ్మా, అంతవరకే దాని అర్థం’ అన్నాను. ఆమె విన్నది మొదటి సగమే. నడిపాయనకు మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాలి, రమ్మని పిలవమని కోఆర్డినేటర్ అమ్మాయికి చెప్పాను. ఆయన సముద్రం మీద ఉన్నాడు, ఫోన్ పలకలేదు. ఆ పిల్ల ఊరుకుందా? కాగితం మీద రెండో నంబరు ఉంటే దానికి చేసింది. ఆ రెండో నంబరు ఒడ్డున టీకొట్టు ఆయనది. పాళెంలో సగం మందికి రెండో నంబరు అదే.

“ఆయనకు పాజిటివ్ వచ్చింది. వచ్చి కౌన్సిలర్ మేడాన్ని కలవమని చెప్పండి.”

ఇదీ ఆ పిల్ల చెప్పిన మాట. తర్వాత నేను నిలదీస్తే, “జబ్బు పేరు చెప్పలేదు కదా మేడం, కాన్ఫిడెన్షియాలిటీ మెయింటెయిన్ చేశాను” అంది. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

బోటు ఒడ్డుకు చేరేలోపే పాళెమంతా ఫలానా వాడికి ‘పాజిటివ్’ అని మోగిపోయింది. ఏ పాజిటివ్ అని ఎవరూ అడగలేదు. ఈ విషయం చక్కబెడదామని మర్నాడు జీపెక్కి బయల్దేరాను. మనుబోలు దాటేదాకా ఆ పిల్లను తిడుతూనే ఉన్నాను. గూడూరు దాటాక చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. నేనే వెళ్తే ఏమవుతుందో నాకు తట్టలేదు.

జీపు దిగగానే ఎవరో అరిచారు: “ఎయిడ్స్ మేడం వచ్చింది రోయ్!”

అంతే. ఉన్న అనుమానం కాస్తా తీరిపోయింది. నడిపాయన ఇంటి ముందుకు నేను చేరేసరికి ఆయన భార్య బట్టలు మూట గడుతోంది.

“ఏం మేడం, మీరే వచ్చినారు గదా! ఇంక నాకు ఎవురూ చెప్పబల్లేదు. బోటు మీద పోతా ఉండానని యాడ తిరిగినాడో అడగండి!”

“అమ్మా, అది కాదు...”

“నన్ను గూడా టెస్టుకు రమ్మంటారు, అంతే గదా! మా అమ్మగారింటికి పోయి ఆడ చేయించుకుంటా.”

“ఇది ఎయిడ్స్ టెస్టు కానే కాదు తల్లీ. నా మాట...”

“మరి మీరెందుకొచ్చినారు?”

ఆమె మూట నెత్తిన పెట్టుకుని ఆటో ఎక్కింది. నడిపాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఎత్తయిన మనిషి, ఎండకు మాడిన ఒళ్ళు. ఆయన ముఖంలో కోపం కన్నా అయోమయం ఎక్కువగా ఉంది.

లోపల కూర్చోబెట్టి, తలుపేసి, అంతా చెప్పాను. మీ అన్నలో ఉన్న తేడానే నీలోనూ ఉంది. నీకు జబ్బు లేదు. రావచ్చు, రాకపోవచ్చు. ఇప్పుడు వేసుకోవాల్సిన మందు ఏమీ లేదు, మానుకోవాల్సిన పనీ లేదు. ఆయన తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“ఇది చెప్పేదానికా మేడం నా ఇల్లు కూల్చినారు?”

నేను ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. ఇంకేం చెయ్యమంటారు? ఆ అమ్మాయి తరఫునా, ప్రాజెక్టు తరఫునా, ‘పాజిటివ్’ అనే మాటను కనిపెట్టినవాడి తరఫునా.

“ఎయిడ్స్ కాదని పెద్దలకు మీరే చెప్పండి. నేను చెప్తే ఎవురు నమ్ముతారు?” అన్నాడు. ఎయిడ్స్ కాదని చెబితే మరేమిటని అడుగుతారయ్యా, నీ సంగతి అందరికీ తెలిసిపోతుంది అన్నాను. “తెలిస్తే తెలిసింది. మా అన్న రోగం ఈ పాళెంలో ఎవురికి తెలీదు?” అన్నాడు. ఆయనే ఒప్పుకున్నాక నేను కాదనలేకపోయాను.

పెద్దలు షెల్టరులో కూర్చున్నారు. అందరికీ పెద్ద అయిన ఆయన తెల్లటి మీసాలతో, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, శ్రద్ధగా విన్నాడు. ఎయిడ్స్ కాదన్నది తొందరగానే నమ్మారు. అసలు చిక్కు అక్కడ మొదలయింది.

“అయితే వణుకుడు రోగమా?”

“రోగం లేదు. వచ్చే అవకాశం అందరికన్నా ఎక్కువ, అంతే.”

“ఉండాదా, లేదా? ఒక్క మాట చెప్పండి మేడం.”

“లేదు.”

“వస్తాదా?”

“రావచ్చు. రాకపోవచ్చు.”

“అది మాకు గూడా చెప్పొచ్చు గదా,” అన్నాడు పక్కనున్న ఒకాయన. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. వీళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలనుకున్నాను. వాయుగుండం పుట్టిందని రేడియోలో చెప్తారు గదా, ప్రతిసారీ తుపాను మన ఒడ్డుకే వస్తుందా, ఒకోసారి పక్కకు పోతుంది, ఒకోసారి సముద్రంలోనే చచ్చిపోతుంది, ఇదీ అట్టాంటి హెచ్చరికే అన్నాను. తలలన్నీ మెల్లగా ఊగాయి. ఇంత చక్కటి పోలిక ఎలా తట్టిందా అని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

తెల్లమీసాల పెద్ద గొంతు సవరించుకున్నాడు. “హెచ్చరిక వస్తే మేం బోటు దించము గదా మేడం.”

అది వేరని చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“తుపాను వస్తాదో రాదో తెలీదు. అయినా గూడా దించము. ఎందుకంటే బోటు మీద పదిమంది ప్రాణాలుంటాయి. కెరటం మీద ఉండంగా వాడి చెయ్యి వణికితే? రేపే వణకొచ్చునని మీరే చెప్తా ఉండారు.”

“రేపే అని నేననలేదు...”

“రేపు కాదని గూడా అనలేదు గదా?”

అనలేదు. అనలేను. పాళెంలో పెద్దలు పెట్టే కట్టుబాటును దురాయి అంటారు. ఆ పూటే దురాయి పడింది: నడిపాయన చుక్కాని పట్టకూడదు. బోటు ఎక్కనే కూడదు. ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకోవచ్చు.

ఇంత మంచి ఆరోగ్యంతో ఉన్న మనిషిని నా సొంత పోలికతో ఇంట్లో కూర్చోబెట్టాను. ఆయన అక్కడే ఉండి అంతా విన్నాడు. వెళ్ళేటప్పుడు నా వైపు చూడలేదు.

ఒక మంచి జరిగిందంటే, ఎయిడ్స్ కాదని తెలిసి ఆయన భార్య తిరిగొచ్చింది. వచ్చి నా ఫోన్ నంబరు తీసుకుంది. ఆ తర్వాత నా ప్రాణానికి నిమ్మళం లేదు. మొగుడు అన్నం సరిగా తినడం లేదని ఫోను. రాత్రుళ్ళు దీపం దగ్గర చేతులు చాపి చూసుకుంటున్నాడని ఫోను. టీ గ్లాసు తొణికితే అదే మొదలయిందా అని ఫోను. వీటికన్నా ఎక్కువగా, ఆడబిడ్డ మీద చాడీలు.

“మా ఆడబిడ్డకు నెగిటివ్ వచ్చిన కాడ్నించి పొగరు ఎక్కువయింది మేడం. పిలిస్తే పలకదు. పలికినా నోట్లోనే గొణుగుతాది. మొహాన నవ్వు లేదు. రాణి మాదిరి మెల్లంగా నడస్తా ఉండాది. అన్న కష్టంలో ఉంటే రవ్వంత బాధ గూడా లేదు.”

ఇంకోరోజు: “గూడూరులో కుళ్ళిపోయిన చేపలు అమ్మిందంట. కొన్నోళ్ళు తెచ్చి మొహాన కొట్టినారంట. ఇన్నేళ్ళు అమ్మినదానికి తెలీదా? ఒళ్ళు కొవ్వెక్కి గాకపోతే ఏంది?”

కుడి భుజం నొప్పంటూ ఊళ్ళో సూది వేయించుకుంటోందని, పని తప్పించుకోవడానికే ఆ వేషమని కూడా చెప్పింది. వదినా ఆడబిడ్డల గొడవల్లో నన్నెందుకు లాగుతావమ్మా అని ఫోన్ పెట్టేసేదాన్ని. ఆమె చెప్పిందాంట్లో జబ్బు పేరు లేదు, ఫలితంలో తేడా లేదు. అందులో మాకెవరికీ ఏమీ కనబడలేదు.

చివరికి న్యూరాలజిస్టును పాళెం తీసుకుపోతే గానీ దురాయి తొలగదని నాకు అర్థమయింది. ఆయన మా ప్రాజెక్టు డాక్టరు. మంచి డాక్టరే, కానీ మనుషులతో మాట్లాడటం ఎవరో బలవంతాన చేయిస్తున్నట్టు ఉండేది. అడిగినదానికి సగం జవాబు, అదీ ఇంగ్లీషులో. నేను ఎన్నిసార్లు అడిగినా, “మనం ఏం చెప్పాలో చెప్పాం. దె షుడ్ అండర్‌స్టాండ్” అనేవాడు. షుడ్ అంటే సరిపోతుందా సార్ అని ఒకరోజు గట్టిగానే అరిచాను. నర్సులు తొంగి చూశారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ఆదివారం వెళ్దాం” అన్నాడు.

ఆ ఆదివారం షెల్టరు నిండిపోయింది. ఆయన మొదలుపెట్టిన ఉపన్యాసంలో తెలుగు కోసం నేను వెతుక్కున్నాను. ‘పెనిట్రెన్స్’ అనే మాట వచ్చేసరికి తెల్లమీసాల పెద్ద నా వైపు తిరిగి, “సారు ఏం చెప్తా ఉండాడు మేడం?” అన్నాడు.

అప్పటిదాకా మూలన నిలబడ్డ నడిపాయన ముందుకొచ్చాడు. “ఈ మాటలన్నీ ఎందుకు సార్? నన్ను చూడండి. అందరి ముందరే చూడండి. ఉంటే ఉండాదని చెప్పండి, నేనే ఒడ్డున కూర్చుంటా.”

విడిగా గదిలోకి పోదామని నేనన్నాను. “ఇంకా విడిగా ఏముండాది మేడం నాది?” అన్నాడు. డాక్టరు లేచాడు. మాట్లాడటం ఆగిపోయి పరీక్ష చెయ్యడం మొదలయ్యేసరికి ఆయన వేరే మనిషయిపోయాడు. నడిపాయన చేతులు చాపించాడు. బొటనవేలినీ చూపుడువేలినీ కలుపుతూ విడదీస్తూ గబగబా తాళం వేయించాడు. మణికట్టు, మోచెయ్యి తిప్పి చూశాడు. ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించాడు. వెనక నుంచి భుజాలు పట్టి లాగాడు, మనిషి తొణకలేదు.

“ఏమీ లేదు. ఇతని చేతులు నా చేతుల కన్నా స్థిరంగా ఉన్నాయి.” మొదటిసారి ఆయన నోట పూర్తి తెలుగు వాక్యం వచ్చింది.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. అంతలో టీలు వచ్చాయి. పళ్ళెం పట్టుకుని వచ్చింది చెల్లెలే. ఎడమచేత్తోనే పళ్ళెం పట్టుకుంది. కుడిచెయ్యి పక్కన అతికించినట్టు ఉంది. డాక్టరు గ్లాసు అందుకోలేదు. ఆమె అవతలి వరసకు పోతుంటే ఆమె నడకనే చూస్తున్నాడు. చిన్న చిన్న అడుగులు. ఊగని చెయ్యి. తిరగాల్సి వచ్చినప్పుడు ఒక్కసారిగా తిరగకుండా, అడుగు మీద అడుగు వేసుకుంటూ తిరిగింది.

“ఈమె ఎవరు?” అని నన్నడిగాడు.

“చెల్లెలు సార్. ఫలితం నెగిటివ్.”

ఆ మాట అన్నది నేనే. ఇన్నాళ్ళూ ఆ మాటను తిట్టుకుంటూ తిరిగినదాన్ని.

ఆయన దగ్గరికి పోయి, పళ్ళెం తీసుకుని కింద పెట్టాడు. “అమ్మా, నీకు వాసనలు తెలుస్తున్నాయా?”

కుళ్ళిన చేపల గొడవ తెలియనివాళ్ళు అక్కడ లేరు. ఆమె వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“తెలీడం లేదు సార్,” అంది చెల్లెలు. దగ్గరున్న నాకే వినబడీ వినబడనంత గొంతు. “చానా దినాలయింది. చేప మంచిదో కాదో చెప్పేదానికి ముక్కు పనికిరావడం లేదు. చూసి కొంటా ఉండా, చూసి అమ్మతా ఉండా. ఎవురికీ చెప్పలేదు. నవ్వతారని.”

ఆయన వేళ్ళతో తాళం వెయ్యమన్నాడు. ఎడమచెయ్యి బాగానే వేసింది. కుడిచేతి వేళ్ళు మొదట్లో బాగానే కలిశాయి, తర్వాత మధ్యలో ఎడం తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఆగిపోయాయి. ఆమె తన వేళ్ళనే వింతగా చూసుకుంది.

“నాకు నెగిటివ్ గదా సార్?”

“పరీక్ష చేసింది రక్తానికమ్మా. నిన్ను ఎవరూ పరీక్ష చెయ్యలేదు.”

ఇద్దరం ఆమెను లోపలి గదిలోకి తీసుకుపోయాం. ఆయన చాలాసేపు చూశాడు. పార్కిన్‌సన్సే కావచ్చు, ఆసుపత్రికి రావాలి, మందులతో తేలిక పడుతుంది అని నెమ్మదిగా, తెలుగులోనే చెప్పాడు. మీ అన్నలో ఉన్న తేడా లేకుండా కూడా వస్తుంది, వచ్చేవాళ్ళలో ఎక్కువ మందికి అలాగే వస్తుంది అన్నాడు. ఆమె ఏడవలేదు. “అయితే నాది పొగరు కాదు గదా?” అని నన్నడిగింది. కాదమ్మా అన్నాను. “అది మా వదినకు మీరు చెప్పండి” అంది.

వరండాలోకి వచ్చేసరికి అందరికీ అర్థమైపోయింది. తెల్లమీసాల పెద్దకు కోపం వచ్చింది. అది న్యాయమైన కోపమని నేనిప్పటికీ అంటాను.

“పాజిటివ్ వచ్చినోడికి రోగం లేదు. నెగిటివ్ వచ్చినామెకు ఉండాది. అయితే మీ టెస్టు దేనికయ్యా?”

“ఒక మనిషికి జోస్యం చెప్పడానికి కాదండీ,” అన్నాడు డాక్టరు. “వేలమందిని చూస్తే జబ్బు ఎలా పుడుతుందో తెలుస్తుంది. అది తెలిస్తే మందు దొరకవచ్చు. ఎప్పటికో.”

“అది ముందే చెప్పొచ్చు గదా?”

చెప్పాం. సంతకం పెట్టించుకున్న కాగితంలో అదే ఉంది. కానీ ఆ పూట ఆ కాగితం సంగతి ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

పెద్దలు కాసేపు గొడవపడి దురాయి ఎత్తేశారు. అక్కడితో ఆగితే వాళ్ళు పెద్దలెందుకవుతారు? “రక్తాన్ని నమ్మేదానికి లేదు గనక, ఈ పాళెంలో చుక్కాని పట్టే అందరికీ సారు ఇప్పుడే ఆ వేళ్ళ టెస్టు చెయ్యాల” అన్నారు. డాక్టరు నా వైపు చూశాడు, నేను పైకప్పు వైపు చూశాను. ఆయన అందరికీ చేశాడు. పొద్దు వాలేదాకా మగవాళ్ళంతా వరసగా కూర్చుని వేళ్ళతో తాళాలు వేశారు. ఎవరికీ ఏమీ లేదు. తెల్లమీసాల పెద్ద తనకూ చేయించుకుని, అందరికన్నా తానే బాగా వేశానని చెప్పించుకుని గానీ లేవలేదు.

నడిపాయన మర్నాడే సముద్రం మీదికి పోయాడు. తర్వాత ఒకసారి చెల్లెల్ని ఆసుపత్రికి తీసుకొచ్చినప్పుడు, ఏడాదికోసారి వచ్చి చూపించుకుని పొమ్మన్నాను. ఆయన నవ్వుతూనే చెప్పాడు గానీ, నవ్వులాట కాదు. “వణుకు వస్తే నేనే వస్తా మేడం. రాకపోతే రాను. మీరు మాత్రం పిలవబాకండి.” నేను సరేనని రాసుకున్నాను. మొదట వరండాలో అడిగినప్పుడు ఆయన నోటి నుంచి రావలసిన జవాబు ఇదేనేమో. గాలి మారుతోందని పరుగెత్తే మనిషిని అడిగి, వచ్చిన జవాబును అంగీకారమనుకున్నాం. పిల్లలూ, తొందరలో ఉన్నవాణ్ణి ఏదీ అడగకండి. మరోరోజు వెళ్ళండి. డీజిలు ఖర్చవుతుంది, అవనివ్వండి. ఇంటి మనిషికి చెప్పమని కొట్టువాడికి చెప్పకండి. రావచ్చు రాకపోవచ్చు అనే మాటకు పోలికలు వెతక్కండి. రావచ్చు, రాకపోవచ్చు అనే చెప్పండి. అది విసుగ్గా ఉంటుంది, తిడతారు, నవ్వుతారు. పడండి.

చెల్లెలికి మందులు బాగానే పనిచేశాయి. కుడిచెయ్యి కదిలింది, గొంతు లేచింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. ఆమె కొనబోయే చేపలను ఇప్పుడు వదినే వాసన చూసి పెడుతోంది. ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు.

రిటైరయ్యే ముందు ఆమెను చివరిసారి చూశాను. మందులు తీసుకుని నా గదికొచ్చి, ఎదురుగా కూర్చుంది. కూతురి పెళ్ళికి చుట్టాలతో మాటలు నడుస్తున్నాయట.

“అక్కా, ఒకటి అడగతా. నా నెత్తురులో ఆ తేడా లేదు గదా. మరి నాకెట్టా వచ్చింది?”

“తెలీదమ్మా.”

“నా బిడ్డకు వస్తాదా?”

“రాకపోవడానికే ఎక్కువ అవకాశం. ఖాయంగా చెప్పలేను.”

“దానికి టెస్టు చేయిస్తే తెలస్తాదా?”

“నీ విషయంలో తెలిసిందా?”

“లేదు.”

“అంతే.”

“ఎన్నేళ్ళు చదివినారక్కా మీరంతా, ఈ తెలీదు అనేదానికి?”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చాలా ఏళ్ళే చదివామన్నాను.

“మా పాళెంలో ఎవురినన్నా అడుగు, అందరికీ తెలుసు. మా పెద్దన్నకు ఎందుకొచ్చిందో తెలుసు. నాకెందుకొచ్చిందో తెలుసు. నడిపన్నకు ఎప్పుడొస్తాదో గూడా తెలుసు. నా బిడ్డను చేసుకోబాకండని చెప్పేదానికి గూడా తెలుసు. మీకొక్కరికే ఏమీ తెలీదు.” మందుల సంచీ కుడిచేతికి తగిలించుకుని లేచింది. “అందుకే పెళ్ళికొడుకు వాళ్ళను తీసుకొచ్చినా. బయట కూర్చోనుండారు. రమ్మంటా, ఇదే మాట వాళ్ళకు గూడా చెప్పు.”